కళ్లజోడు ఆన్‌లైన్‌లోనా, షాపులోనా? ఒకే ఇంట్లో ముగ్గురికి మూడు జవాబులు

మీరు అడిగింది ఇదీ: మీకు రెండు కళ్లకీ మైనస్ 4.25, దానికి తోడు కొద్దిగా సిలిండర్. ఏడేళ్ల పాపకి కొత్తగా మైనస్ 1.50 వచ్చింది. నాన్నగారికి 58 ఏళ్లు, షుగర్ ఉంది, ప్రోగ్రెసివ్ (దూరానికీ దగ్గరికీ కలిపి ఒకే అద్దం) రాశారు. ఒంగోల్లో షాపువాళ్లు మూడు జతలకీ కలిపి 14,600 చెప్పారు. ఆన్‌లైన్‌లో చూస్తే 5,200కే వస్తున్నాయి. షాపువాళ్లు దోచుకుంటున్నారా, లేక ఆన్‌లైన్‌వాళ్లు నాసిరకం సరుకు అంటగడుతున్నారా అని మీ అనుమానం.

రెండూ కాదండీ. నేను గుంటూరు కొత్తపేటలో 22 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదటి ఎనిమిదేళ్లు లోపలి గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించాను, ఆ తర్వాత నుంచి కౌంటర్లో కూర్చుంటున్నాను. షాపు మనిషిని కాబట్టి షాపు పక్షమే మాట్లాడతానని అనుకోవద్దు. మీ జత మీరు ఆన్‌లైన్‌లో నిక్షేపంగా కొనుక్కోండి. పాపకి మాత్రం వద్దు. నాన్నగారికి అసలే వద్దు. ఆయన విషయంలో షాపులో కూడా ఇప్పుడే డబ్బు కట్టొద్దు. కారణం చివర్లో చెప్తాను.

డాక్టరు చీటీ చేతిలో ఉంటే కళ్లజోడు తయారైపోతుందని చాలామంది అనుకుంటారు. చీటీలో ఉండేది సగం సమాచారమే. స్ఫియర్ అంటే అసలు పవర్, మైనస్సో ప్లస్సో. సిలిండర్ అంటే కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనందువల్ల ఇచ్చే అదనపు పవర్. యాక్సిస్ అంటే ఆ సిలిండర్‌ని ఏ కోణంలో పెట్టాలో చెప్పే అంకె, 1 నుంచి 180 దాకా ఉంటుంది. నలభై దాటినవాళ్లకి దగ్గర చూపు కోసం వీటి పక్కన యాడ్ అని రాస్తారు, మన పెద్దవాళ్లు చత్వారం అనేది దానినే. ఇంతవరకూ చీటీ. మిగతా సగం మీ ముఖం మీద ఉంటుంది. రెండు కనుపాపల మధ్య దూరం ఎంత, ఫ్రేము పెట్టుకున్నాక అద్దంలో కనుపాప ఏ ఎత్తున పడుతోంది, ఫ్రేము ముక్కు మీద ఎక్కడ ఆగుతోంది, ఒక చెవి రెండోదానికన్నా కాస్త కిందకి ఉందా, ఇవన్నీ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడాల్సినవి. కొందరికి ఈ కొలతల్లో చిన్న తేడా వచ్చినా ఏమీ కాదు. కొందరికి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే ఆ కళ్లజోడు సొరుగులోకి పోతుంది. ఆన్‌లైన్‌లో కొనొచ్చా లేదా అన్నది మీరు ఈ రెండింట్లో ఏ కోవలోకి వస్తారన్న దాన్నిబట్టి ఉంటుంది. ధర దాని తర్వాత చూసుకోవాల్సిన విషయం.

మీ సంగతి తీసుకుందాం. మీది సింగిల్ విజన్, అంటే అద్దమంతా ఒకటే పవర్. మైనస్ 4.25, సిలిండర్ 0.75 అంటే స్టాక్ లెన్స్ దొరుకుతుంది. ఇవి ముందే తయారై పేపరు కవర్లలో డబ్బాల నిండా సిద్ధంగా ఉంటాయి. ఆన్‌లైన్ కంపెనీ అయినా మా షాపు అయినా అలాంటి అద్దాన్నే తీసి, మీ ఫ్రేము ఆకారానికి అరగదీసి బిగించేది. అందుకే ఇక్కడ నాణ్యతలో పెద్ద తేడా ఉండదు. షాపు అద్దె, మనుషుల జీతాలు, మళ్లీ మళ్లీ వచ్చి వదులైన ఫ్రేము బిగించుకుపోయేవాళ్లకి చేసే ఉచిత సేవ, అన్నిటికీ మించి ఫ్రేము మీద వేసుకునే లాభం, ఇవన్నీ కలిసి షాపు ధర పెరుగుతుంది. ఫ్రేములోనే మాకు మిగిలేది ఎక్కువ. దాచాల్సిన పని లేదు.

మీకు కావలసిన కొలత ఒక్కటే, కనుపాపల మధ్య దూరం. దీన్ని పీడీ అంటాం. పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇది 58 నుంచి 68 మిల్లీమీటర్ల మధ్యలో ఉంటుంది. మన దగ్గర చాలా చీటీల్లో దీన్ని రాయరు. పరీక్ష చేయించుకున్నప్పుడే "పీడీ కూడా రాసివ్వండి" అని అడగండి, అర నిమిషం పని. అడగడం మరిచిపోతే ఇంట్లో కొలవొచ్చు. మీ ఆవిడనో తమ్ముణ్నో మూరెడు దూరంలో ఎదురుగా కూర్చోమనండి. మీరు వాళ్ల వెనకాల దూరంగా ఉన్న గోడ మీదికి చూడండి, వాళ్ల మొహంలోకి చూడొద్దు. వాళ్లు స్కేలుని మీ కనుబొమల కింద ఆనించి, కుడి కనుపాప నడిమి నుంచి ఎడమ కనుపాప నడిమి వరకూ కొలవాలి. కుడి కన్ను చూసేటప్పుడు వాళ్లు ఒక కన్ను, ఎడమ కన్ను చూసేటప్పుడు రెండో కన్ను మూసుకుంటే లెక్క సరిగ్గా వస్తుంది. మూడుసార్లు కొలిచి, రెండుసార్లు ఒకటే అంకె వస్తే అదే తీసుకోండి.

ఈ కొలతకి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, అద్దం నడిబొడ్డున ఒక బిందువు ఉంటుంది, కనుపాప సరిగ్గా దాని వెనక ఉండాలి. పక్కకి జరిగితే ఆ అద్దం పట్టకంలా పనిచేసి బొమ్మని కాస్త జరుపుతుంది. ఎంత జరుపుతుందన్నది పవర్‌తో పాటు పెరుగుతుంది. మైనస్ 1 ఉన్నవాళ్లకి 3 మిల్లీమీటర్లు తప్పినా తెలియకపోవచ్చు. మీ 4.25కి రెండు వైపులా మూడేసి మిల్లీమీటర్లు తప్పితే రెండు కళ్లూ కలిపి రెండున్నర ప్రిజమ్ (బొమ్మ ఎంత జరిగిందో చెప్పే కొలత) దాకా వస్తుంది. కళ్లు ఆ తేడాని సర్దుకోవడానికి పొద్దస్తమానం లాక్కుంటూనే ఉంటాయి. సాయంత్రం కణతల దగ్గర నొప్పి మొదలవుతుంది. జనం దాన్ని "కొత్త పవర్ అలవాటు పడాలి" అనుకుని నెలల తరబడి భరిస్తారు. నాలుగైదు రోజుల్లో సర్దుకోకపోతే అది అలవాటు సమస్య కాదని అనుమానించండి.

ఫ్రేము ఎంచుకునేటప్పుడు మోడల్ ఫొటోలకన్నా ముందు అంకెలు చూడండి. మీ దగ్గరున్న పాత కళ్లజోడు కాడ లోపలి వైపు 52, చిన్న చదరం, 18, ఆ తర్వాత 140 అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది. 52 అద్దం వెడల్పు, 18 ముక్కు మీది వంతెన, 140 కాడ పొడవు. ఇప్పుడు 52కి 18 కలిపితే 70. మీ పీడీ 62 అనుకుంటే, ఒక్కో అద్దాన్నీ 4 మిల్లీమీటర్లు లోపలికి జరిపి బిగించాలి. అలా జరిపినప్పుడు మైనస్ అద్దం బయటి అంచు లావుగా తేలుతుంది. అదే 48, 18 ఫ్రేము తీసుకుంటే 66, జరపాల్సింది 2 మిల్లీమీటర్లే. ఈ లెక్క తెలిస్తే "సన్నటి అద్దం కావాలంటే 1.74 ఇండెక్స్ వేయించుకోండి" అనే మాటకి వేలకి వేలు పోయక్కర్లేదు. మీ పవర్‌కి చిన్న ఫ్రేము, 1.60 ఇండెక్స్ చాలు. పవర్ తక్కువైతే మామూలు సీఆర్-39 ప్లాస్టిక్కే చాలు. ఇండెక్స్ పెరిగేకొద్దీ అద్దం సన్నబడుతుంది, కానీ 1.67, 1.74 లాంటి వాటిలో అంచుల దగ్గర రంగులు చీలినట్టు కనిపించే గుణం కూడా ఎక్కువ. ఎక్కువ డబ్బు పెట్టి కాస్త తక్కువ స్పష్టత కొనుక్కున్నట్టు అవుతుంది.

ఆర్డరు పెట్టేటప్పుడు జరిగే తప్పుల్లో నేను ఎక్కువగా చూసినవి రెండు. మైనస్ బదులు ప్లస్ ఎంచుకోవడం మొదటిది. రెండోది సిలిండర్‌కి సంబంధించింది. కొందరు డాక్టర్లు సిలిండర్‌ని మైనస్‌లో రాస్తారు, కొందరు ప్లస్‌లో. మైనస్ 2.00, సిలిండర్ మైనస్ 1.00, యాక్సిస్ 180 అన్నా, మైనస్ 3.00, సిలిండర్ ప్లస్ 1.00, యాక్సిస్ 90 అన్నా ఒకటే అద్దం. చీటీలో ఎలా ఉంటే అలాగే ఎక్కించండి. గుర్తు ఒక్కటే మార్చారా, పూర్తిగా వేరే అద్దం వస్తుంది. యాక్సిస్ విషయంలో సిలిండర్ ఎక్కువున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. 10 డిగ్రీలు పక్కకి తిరిగితే ఆ సిలిండర్‌లో మూడో వంతు పనిచేయనట్టే. మీకు 0.75 కాబట్టి భయం లేదు. సిలిండర్ 2 దాటినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే షాపులోనే చేయించుకోండి.

పార్శిల్ వచ్చాక ఒక పని చేయండి. దగ్గర్లో ఏ కళ్లద్దాల షాపుకైనా తీసుకెళ్లి లెన్సోమీటర్ (అద్దం పవర్ కొలిచే మిషన్) మీద పెట్టి చూడమనండి. రెండు నిమిషాల్లో పవరు, యాక్సిస్, రెండు అద్దాల నడిబిందువుల మధ్య దూరం మూడూ తెలిసిపోతాయి. కొందరు ఊరికే చూస్తారు, కొందరు యాభయ్యో వందో తీసుకుంటారు. మేమైతే తీసుకోం. తేడా ఉంటే, తిరిగి పంపే గడువు లోపలే ఆ అంకెల్ని రాయించుకుని పంపించండి. "సరిగ్గా కనిపించడం లేదు" అని రాస్తే వాదన నడుస్తుంది. "పీడీ 62 చెప్పాను, 68 పెట్టారు" అని రాస్తే మారు మాట్లాడరు. అప్పటికీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

బ్లూ కట్, అంటే స్క్రీన్ల నీలి వెలుగుని తగ్గిస్తుందని చెప్పి అమ్మే అద్దం గురించి ఇద్దరూ, అంటే షాపులూ ఆన్‌లైన్‌వాళ్లూ, ఒకటే పాట పాడతారు. 2023లో వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 17 పరిశోధనల్ని కలిపి పరిశీలించింది. కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ల కంటి అలసట మామూలు అద్దాలతో పోలిస్తే బ్లూ కట్‌తో తగ్గుతుందనడానికి ఆధారం కనిపించలేదు. ఆ డబ్బుని ఏఆర్‌సీ కోటింగ్ (అద్దం మీద వెలుగు ప్రతిఫలించకుండా వేసే పూత) మీద పెట్టండి. రాత్రి బండి నడిపేటప్పుడు ఎదురు లైట్ల వెలుగు అద్దం మీద చెదిరిపోకుండా చేసేది అదే, మీకు రోజూ పనికొస్తుంది.

ఇక పాప. ముందు చీటీ ఒకసారి తీసి చూడండి. కంట్లో చుక్కల మందు వేసి పరీక్ష చేసినట్టు అందులో ఎక్కడైనా ఉందా? చిన్నపిల్లల కంటి కండరం చాలా బలంగా పనిచేస్తుంది. మిషన్‌లోకి చూసేటప్పుడు వాళ్లు తెలియకుండానే దగ్గరికి ఫోకస్ చేస్తారు, దాంతో మైనస్ లేకపోయినా ఉన్నట్టు, ఉంటే ఇంకా ఎక్కువున్నట్టు తేలుతుంది. చుక్కలు వేసి ఆ కండరాన్ని కాసేపు ఆపి చూస్తేనే నిజం బయటపడుతుంది. చుక్కలు వేయకుండా షాపులో మిషన్ మీద చూసి రాసిన పవర్ అయితే, దాంతో ఎక్కడా అద్దాలు చేయించకండి. ముందు పిల్లల కళ్లు చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

చుక్కల పరీక్ష అయి మైనస్ 1.50 అనే తేలితే, కళ్లజోడు షాపులో చేయించండి. పిల్లల ముక్కుకి ఇంకా ఎత్తు ఉండదు. ఫ్రేము కిందకి జారుతుంది, పాప అద్దాల మీదుగా చూడటం మొదలుపెడుతుంది. ఇంట్లోవాళ్లు "పెట్టుకునే ఉంది కదా" అనుకుంటారు. కౌంటర్లో నేను చేసేది ఏమిటంటే, ఫ్రేము పెట్టి పాపని కిందకి వంగమంటాను, తల అటూ ఇటూ ఊపమంటాను, తర్వాత ఒక బొమ్మ పుస్తకం చేతికిచ్చి చూస్తాను. పుస్తకంలోకి చూసేటప్పుడు ఫ్రేము పై అంచు కనుపాపని దాటి కిందకి వచ్చిందంటే ఆ ఫ్రేము పక్కన పెట్టేస్తాను, పాపకి ఎంత నచ్చినా సరే. అద్దం మాత్రం పాలీకార్బొనేట్ అడగండి. బంతి తగిలినా పెంకులుగా పగలదు. ఖరీదైన ఫ్రేము కొనొద్దు. ఈ వయసులో పవర్ ఆరు నెలలకోసారి చూపించాలి, మారితే అదే ఫ్రేములో అద్దాలు మార్పించుకోవచ్చు. ప్రభుత్వ బడిలో చదివే పిల్లలకైతే జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద కళ్లజోడు ఉచితంగా ఇస్తారు, హెడ్‌మాస్టరుగారిని అడిగితే చాలు.

నాన్నగారి ప్రోగ్రెసివ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒకే అద్దంలో పైన దూరం, మధ్యలో కంప్యూటరు దూరం, కింద పుస్తకం, ఇలా పవర్ కొంచెం కొంచెంగా మారుతూ దిగుతుంది. బయటికి గీత కనిపించదు. కానీ ఆ పవర్ దిగే దారి సన్నటి కాలిబాట లాంటిది, రెండు పక్కలా మసకగా ఉంటుంది. ఆ దారి సరిగ్గా కనుపాప కిందకి రావాలి. అందుకే ఎంచుకున్న ఫ్రేముని మనిషికి పెట్టి, మామూలుగా నిలబడినట్టు చూడమని, డమ్మీ అద్దం మీద మార్కర్ పెన్నుతో కనుపాప ఉన్నచోట చుక్క పెడతాం. కుడిదీ ఎడమదీ వేరువేరుగా. ఆ చుక్క నుంచి ఫ్రేము అడుగుకి 18 మిల్లీమీటర్లన్నా ఉండాలని చూస్తాం. ఇది ఫొటోతో, అంచనాతో సరిగ్గా అయ్యే పని కాదు.

మొన్న వేసవిలో ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. వాళ్లబ్బాయి దూరం నుంచి ఆన్‌లైన్‌లో ప్రోగ్రెసివ్ తెప్పించి ఇచ్చాడు. పేపరు చదవాలంటే గడ్డం పైకెత్తాల్సి వస్తోందని, మెడ పట్టేస్తోందని, మెట్లు దిగేటప్పుడు భయంగా ఉందని చెప్పారు. అద్దాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఆవిరి ఊదాను. ప్రోగ్రెసివ్ అద్దాల మీద కంటికి ఆనని రెండు చిన్న గుర్తులు చెక్కి ఉంటాయి, ఒకదానికొకటి 34 మిల్లీమీటర్ల దూరంలో. ఆవిరి పట్టినప్పుడు అవి తేలతాయి. వాటి మీద చుక్కలు పెట్టి కొలిస్తే, కనుపాప మీద ఉండాల్సిన గుర్తు 5 మిల్లీమీటర్లు కిందకి పడింది. పవర్ చీటీకి అక్షరాలా సరిపోయింది. అద్దం కూడా మంచిదే. ఎవరూ మోసం చేయలేదు. ఆయన ముఖాన్ని ఎవరూ కొలవలేదు, అంతే. ఆ అద్దాల్ని తిరిగి వాడే వీల్లేదు. తిరిగి పంపే గడువు కూడా అయిపోయింది. "వాడి మనసు నొచ్చుకుంటుంది, చెప్పొద్దమ్మా" అని నాతో అని, ఆ కళ్లజోడుని జేబులో పెట్టుకుని, కొత్తవి రాయించుకుని వెళ్లారు.

షాపులో అయినా ప్రోగ్రెసివ్ అంటే ఖర్చే. మీ 14,600లో సగానికి పైగా నాన్నగారి జతదే అయ్యుంటుంది. బిల్లులో ఫ్రేమూ అద్దమూ విడివిడిగా రాయమనండి. అద్దం ఏ కంపెనీదో, ఏ డిజైనో రాసి ఉన్న లెన్స్ కవరు ఇవ్వమనండి. ఇవ్వనన్నారంటే వేరే షాపు చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి చూపు సరిచేసే అద్దాల మీద జీఎస్టీ 5 శాతమే, అంతకు మించి వేస్తే అడగండి. పాత ఫ్రేము గట్టిగా ఉండి అద్దం ఎత్తు సరిపోతే అందులోనే వేయమనండి. చాలా షాపుల్లో మొహం చిట్లిస్తారు, అయినా అడగండి, వేస్తారు.

అసలు ఆయనకి ప్రోగ్రెసివ్ కావాలా అన్నది కూడా ఆయన్నే అడగండి. పొలం దగ్గరికి వెళ్లొచ్చి, సాయంత్రం పేపరు చదివి, టీవీ చూసే మనిషి అయితే డి బైఫోకల్ (పైన దూరానికి, కింద డి ఆకారపు ముక్కలో దగ్గరికి పవర్ ఉండే అద్దం) ఖర్చులో చాలా తక్కువ, అలవాటు కావడం తేలిక. గీత కనిపిస్తుందన్న మాట ఒక్కటే ఇబ్బంది. దూరానికి చూపు బాగానే ఉండి, రెండు కళ్లకీ సమానంగా చత్వారం మాత్రమే ఉన్నవాళ్లకైతే వందా రెండొందల రెడీమేడ్ రీడింగ్ గ్లాసులు కూడా సరిపోతాయి. నేను వాటిని చిన్నచూపు చూడను. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకి దగ్గర చూపు అద్దాలు ఉచితంగా ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటి 2018లో వచ్చింది. అద్దాలు ఇచ్చినవాళ్లు ఇవ్వనివాళ్లకన్నా ఇంచుమించు 22 శాతం ఎక్కువ ఆకు కోశారు. చవక అద్దం అంటే పనికిరాని అద్దం కాదు, ఆ కంటికి సరిపడేది అయితే చాలు.

ఒక్క మాట, ఆన్‌లైన్, షాపు అనే గీత కూడా ఇప్పుడు చెరిగిపోతోంది. 2010లో ఆన్‌లైన్‌గా మొదలైన లెన్స్‌కార్ట్‌కి ఈరోజు మన ఊళ్లలోనూ షాపులున్నాయి. అలాంటి చోట మనిషి కూర్చోబెట్టి కొలతలు తీసుకుంటే, దాన్ని నేను షాపు కిందే లెక్కేస్తాను. ప్రోగ్రెసివ్ అయినా అభ్యంతరం లేదు. బోర్డు ఎవరిదని చూడకండి, మార్కర్ పెన్నుతో చుక్క పెట్టారా లేదా అన్నది చూడండి.

నాన్నగారికి ఇప్పుడే డబ్బు కట్టొద్దని ఎందుకన్నానంటే, షుగర్. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడు కంటిలోని సహజ లెన్స్ నీరు పట్టి పవర్ మారిపోతుంది. ఆ రోజు పరీక్ష చేస్తే ఒక అంకె వస్తుంది, మందులు పడి షుగర్ దిగాక ఇంకో అంకె వస్తుంది. అలా రెండు నెలల్లో రెండు జతలు చేయించుకున్నవాళ్లు మా దగ్గరికి చాలామంది వస్తారు. ఆయనకి మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎప్పుడు చేయించారో కనుక్కోండి. అదుపులో లేకపోతే ముందు అది చూసుకుని, షుగర్ నిలకడగా ఉన్న నాలుగైదు వారాల తర్వాత మళ్లీ పవర్ చూపించండి. ఆ వెళ్లినప్పుడే కంటి వెనకాల రెటీనా కూడా చూడమని అడగండి, షుగర్ ఉన్నవాళ్లకి ఏడాదికోసారి అది తప్పనిసరి. ఈలోపు ఆయన పాత కళ్లజోడుతోనే నెట్టుకురానివ్వండి. దగ్గరికి మరీ ఇబ్బందిగా ఉంటే, ఆయన్ని షాపుకి తీసుకెళ్లి పేపరు చదివించి చూసి, ఒక రెడీమేడ్ జత ఇప్పించండి.